ఆడపిల్లల స్నేహానికి ఊళ్ళో చోటేది?

ఈ వేసవిలో ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా కన్నవారింటికి వెళ్ళినప్పుడు మా అక్క కూతురు మూడు రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు. పదో తరగతి అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి, విశాఖపట్నంలో ఇంటర్ సీటు ఖాయమైంది, ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. పిల్ల మాత్రం మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఫోను పట్టుకుని కూర్చునేది, కదిలిస్తే "ఏం లేదు పిన్నీ" అనేది. మూడో రాత్రి కరెంటు పోయి ఇద్దరం మేడ మీదే చాప వేసుకుని పడుకున్నప్పుడు చీకట్లో నోరు విప్పింది. ఆరో తరగతి నుంచీ వాళ్ళు నలుగురు. నలుగురికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. మిగతా ముగ్గురూ ఊళ్ళోనే ప్లస్ టూలో చేరుతున్నారు. ఆ ముగ్గురూ వేరే గ్రూపు ఒకటి పెట్టుకున్నారు, దీనికి చెప్పలేదు. ఒకమ్మాయి అక్కడ పెట్టాల్సిన ఫోటో పొరపాటున పాత గ్రూపులో పెట్టి, వెంటనే తీసేసింది.

"తీసేసేలోపే చూసేశాను పిన్నీ."

"ఏముంది అందులో?"

"ఏం లేదు. కాలేజీ ఫారం."

పొద్దున్న ఈ సంగతి అక్కకి చెప్తే "ఇంతేనా, ఇంకేదో అనుకుని నాకు గుండాగిపోయింది" అంది. అమ్మయితే "నాలుగు రోజులు పోతే అదే మర్చిపోద్ది, చిన్నపిల్లల గొడవలు" అంది. వాళ్ళిద్దరికీ ఆ పిల్ల మీద ప్రేమ లేక కాదు. మా ఇంట్లోనే కాదు, ఎవరింట్లోనైనా ఈ మాటే వస్తుంది. కుదిరిన సంబంధం తప్పిపోతే పదిమంది వచ్చి పలకరిస్తారు, ఉద్యోగం పోతే ధైర్యం చెప్తారు, ముసలి ఆవు చచ్చిపోయినా "అయ్యో" అంటారు. పదిహేనేళ్ళ పిల్లకి ప్రాణంలాంటి నేస్తం దూరమైతే మాత్రం "ఇంతేనా" అంటాం. నాకు ఈ "ఇంతేనా" అన్న మాట మీదే అభ్యంతరం. పదహారేళ్ళుగా మనసులో ఉన్న మాట కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మేమూ ముగ్గురం. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. రాయకపోవడానికి వాళ్ళ మర్యాద ఒక కారణమైతే, ఇంకో కారణం మేం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోకపోవడం. ఒడిశాలో ఒక ఆచారం ఉంది. మకర సంక్రాంతి నాడు ఇద్దరు పిల్లలు మకర చావుళ ఒకరికొకరు తినిపించుకుని నేస్తం కట్టుకుంటారు. నానబెట్టిన కొత్తబియ్యంలో బెల్లం, కొబ్బరి, అరటిపండు, పాలు, నువ్వులు కలుపుతారు, అదే మకర చావుళ. ఆ రోజు నుంచి ఒకరికొకరు "మకర". ఇంక పేరు పెట్టి పిలవకూడదు. ఇలాంటివే బౌళ, సంగాత అని ఉన్నాయి, పూరీ జగన్నాథుడి ప్రసాదం సాక్షిగా కట్టుకుంటే "మహాప్రసాద్" అని పిలుచుకుంటారు. ఇది ఒడియా వాళ్ళ సొంతమే అనుకోకండి, ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ నేస్తం కట్టుకోవడం ఉండేది. మా మామ్మకి అలా కట్టుకున్న నేస్తం ఒకావిడ పాతపట్నం అవతల ఊళ్ళో ఉండేది. పండక్కి చీర పెట్టుకునేవారు, ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మామ్మ పోయినప్పుడు ఆవిడ వచ్చి మా అత్తలతో పాటు కూర్చుని ఏడిచింది, "నువ్వెవరు" అని ఎవరూ అడగలేదు.

అంటే మన ముందువాళ్ళు ఆడపిల్లల స్నేహాన్ని ఒక చుట్టరికంగానే లెక్కపెట్టారు. దానికో తిథి, ఒక తినుబండారం, ఒక పిలుపు ఇచ్చారు. మనం ఫ్రెండ్ అనే మాట ఒకటి పెట్టుకుని దాంట్లోంచి అవన్నీ తీసేశాం.

మాకు ఎనిమిదో తరగతిలో సంక్రాంతికి మా ఒడియా స్నేహితురాలి నానమ్మ ఇత్తడి గిన్నెలో మకర చావుళ కలిపి తెచ్చింది. ఇద్దరికే కడతారట, ముగ్గురికి కట్టరట. మేం ముగ్గురం గిన్నె చుట్టూ కూర్చుని కదలకపోతే ఆవిడ నవ్వి, ఒక్కో జతకీ విడివిడిగా మూడుసార్లు చేయించింది. మా వీధి చివరింటి తెలుగమ్మాయి, నేను, ఒడియా అమ్మాయి. ఆ రోజు నుంచి ముగ్గురం మకరలం. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప మా పేర్లు మాకు వినపడేవి కావు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. మధ్యలో మహేంద్రతనయ నది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే బడిపంతులుగా పనిచేసి, ఇక్కడే సవరల భాష నేర్చుకుని, ఆ గీత పడగానే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పటికీ మా వీధుల్లో ఒకింట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, అరుగు మీద రెండూ. మేం ముగ్గురం ఒకే వాక్యంలో రెండు భాషలూ మాట్లాడేవాళ్ళం. ఒడియా మకరకి తెలుగులో ఆడా మగా తేడా కుదిరేది కాదు, "మా అమ్మ వచ్చాడు" అనేది, మేం దిద్దేవాళ్ళం కాదు. నీలమణి దుర్గమ్మ గుడికి పాతపట్నం వెళ్ళొచ్చేవాళ్ళం, రాష్ట్రం దాటి వెళ్ళొచ్చామని మాకు తట్టేది కూడా కాదు.

ఆ సరిహద్దు గీత గిడుగువారికి డెబ్భై దాటాక అడ్డొచ్చింది. మాకు పదో తరగతి వేసవిలో అడ్డొచ్చింది. అప్పటిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు ఆ రెండు మూడు నెలల్లో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ అయిపోతారు. తెలుగు ఇళ్ళలో కాస్త స్తోమత ఉంటే విశాఖ, విజయవాడ అంటారు, ఎంట్రన్సులు అంటారు. ఒడియా ఇళ్ళలో బరంపురం, భువనేశ్వర్ అంటారు. స్తోమత లేకపోతే, ఇంకా ఆడపిల్లయితే, ఊళ్ళో కాలేజీయే. ఎవరు ఎటు వెళ్ళాలన్నది పిల్లలు తేల్చరు. భోజనాల దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు, పిల్ల మజ్జిగ పోసుకుంటూ వింటుంది. స్నేహాలు చెదిరిపోయింది వయసు వల్ల అంటారు గానీ, సగం చెదిరింది ఆ భోజనాల దగ్గరే.

నా అసలు వాదన ఇది. మగపిల్లల స్నేహానికి ఊళ్ళో చోటుంది. ఆడపిల్లల స్నేహానికి ఉన్నది దారి మాత్రమే.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. వచ్చిన రోజు సాయంత్రం ఆరింటికి చెప్పులేసుకుని వంతెన దగ్గర టీ కొట్టుకి వెళ్తాడు. ఎవరికీ ఫోను చెయ్యడు. అక్కడ వాడి బడి స్నేహితులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఉండి తీరతారు. ఏడాది మాట్లాడుకోకపోయినా పర్వాలేదు, ఆ టీ కొట్టే వాళ్ళ స్నేహాన్ని కాపలా కాస్తుంది. నేను పెళ్ళయిన దగ్గర్నుంచి ఇన్నిసార్లు వచ్చాను. పర్లాకిమిడిలో నేను వెళ్ళి నిలబడితే నా పాత స్నేహితురాలు ఎదురుపడే చోటు ఒక్కటీ లేదు. వాళ్ళింటికే వెళ్ళాలి. ఇల్లంటే అత్తగారుంటారు, ముందు ఫోను చెయ్యాలి, పళ్ళో స్వీటో పట్టుకెళ్ళాలి, మావారి కబుర్లూ పిల్లల చదువులూ అయ్యేసరికి లేచే టైమవుతుంది.

మరి మా స్నేహం ఎక్కడ బతికింది? బడి నుంచి ఇంటికొచ్చే దారిలో. పావుగంట నడక, మాకు ముప్పావుగంట పట్టేది. గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర ఆగడం, వీధి చివర మలుపులో అరుగు మీద సంచులు పెట్టి ఇంకో పావుగంట నిలబడటం. రహస్యాలన్నీ ఆ మలుపులోనే చెప్పుకున్నాం. ఎవరింట్లో ఏ గొడవ, ఎవరికి నెలసరి ఆలస్యమైంది, ఎవరు ఎవరివైపు చూస్తున్నారు. ఇంట్లో చెప్పుకోలేం, గోడలకి చెవులు. ఆ దారిలో నడవడానికి మాకున్న అనుమతి చీటీ బడి. పది పరీక్షలు అయిపోయిన రోజున ఆ చీటీ చెల్లిపోయింది. మర్నాటి నుంచి "ఎక్కడికే?" అన్న ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. "ఊరికే, మకర వాళ్ళింటికి" అంటే "ఊరికే ఎందుకు" అనేవారు. రాత్రికి రాత్రి ముగ్గురి మనసులూ మారిపోలేదు, స్నేహానికి నిలువ నీడ పోయింది.

ఆ వేసవి ముగ్గురం కంప్యూటర్ క్లాసులో చేరాం. కంప్యూటర్ మీద మోజుతో అని ఇంట్లో అనుకున్నారు. మాకు కావాల్సింది రోజూ నడిచే దారి.

తప్పంతా పెద్దవాళ్ళ మీదకి నెట్టేస్తే అది నిజం కాదు. ఎదగడం ముగ్గురికీ ఒకేసారి జరగదు. ఆ వేసవిలో వీధి చివరింటి మకర మా ఇద్దరికంటే ముందు వెళ్ళిపోయింది. చున్నీకి రెండు వైపులా పిన్ను పెట్టుకోవడం, కనుబొమలు చేయించుకోవడం, ఎవరో అబ్బాయి గురించి చెప్పబోయి నన్ను చూసి ఆగిపోవడం. ఒడియా మకరకి మాత్రం చెప్పేది. వాళ్ళిద్దరూ నేను రాగానే మాట మార్చేవారు. ఒకసారి క్లాసులో ఇద్దరూ ఒకే కుర్చీలో ఒదిగి కూర్చుని స్క్రీను చూస్తూ నవ్వుతున్నారు, నేను వెనకాల నిలబడితే ఇద్దరి జడలూ ఒకే రంగు రిబ్బనుతో ఉన్నాయి. నా రిబ్బను వేరే. అంతే, ఇంకేం జరగలేదు. ఆ రాత్రి నేను ఎంత ఏడ్చానో ఇప్పటికీ గుర్తుంది. పదిహేనేళ్ళ వయసులో రిబ్బను రంగు చిన్న విషయం కాదు, కాలేజీ ఫారం ఫోటో కూడా చిన్న విషయం కాదు. "నువ్వు మాలో లేవు" అన్న మాటని అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

అమెరికాలో ఏడో తరగతిలో స్నేహం కలిసిన పిల్లల్ని పన్నెండో తరగతి దాకా గమనించిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. చివరిదాకా నిలిచిన జతలు సుమారు నూటికి ఒకటి. ఇద్దరి మధ్య తేడాలు ఎంత ఎక్కువుంటే అంత త్వరగా విడిపోయారని అందులో తేల్చారు. నేను దీన్ని ఒప్పుకుంటాను, మా రిబ్బన్ల కథ కూడా అదే చెప్తుంది. స్నేహాలన్నీ జన్మంతా నిలవాలని నేను వాదించడం లేదు. కొన్ని నిలవవు, నిలవక్కర్లేదు కూడా. ఒక స్నేహం తన దారిన తాను సన్నబడి ఆగిపోవడం వేరు, నడుస్తున్న దాన్ని మధ్యలో తెంపేసి "వయసులో ఇంతే" అనడం వేరు. రెండోదాన్ని మొదటిదాని ఖాతాలో రాసెయ్యడమే నాకు నచ్చనిది.

ఇంక నేను చేసింది చెప్పాలి.

జూన్ నడిమిన ఒడిశాలో రజొ పండుగ వస్తుంది. మూడు రోజులు. పహిలి రజొ, మిథున సంక్రమణం రోజున రజొ సంక్రాంతి, మర్నాడు బాసి రజొ, నాలుగో రోజు వసుమతీ స్నానం. ఆ మూడు రోజులూ భూదేవి రజస్వలగా ఉంటుందని నాగలి కట్టరు, నేల తవ్వరు. రజస్వల అన్న మాటలో ఉన్న రజస్సే ఈ రజొ. ఆడపిల్లలు ఆ మూడు రోజులు పొయ్యి దగ్గరికి వెళ్ళరు, కొత్తబట్టలు కట్టుకుని, పాదాలకి అల్తా, అంటే ఎర్రటి పారాణి, పెట్టుకుని, తాంబూలం వేసుకుని, చెట్లకి కట్టిన ఉయ్యాలలు ఊగుతూ పాటలు పాడుకుంటారు. మన తెలుగు ఇళ్ళలో ఆ సంగతికే పిల్లని మూల కూర్చోబెట్టి, తర్వాత ఫంక్షన్ చేసి, ఆ మర్నాటి నుంచి "ఇంక వీధిలో తిరక్కు" అంటాం. గోడకి ఇవతల కట్టడి, అవతల ఉయ్యాల. నేను ప్రతి ఏడూ గోడ దాటి అవతలికి వెళ్ళేదాన్ని.

2008లో మా ఒడియా మకర వాళ్ళ పెరట్లో పనసచెట్టుకి కొత్త మోకు తెచ్చి ఉయ్యాల కట్టాలని, ముగ్గురం ఒకే రంగు పరికిణీలు వేసుకోవాలని, మూడు రోజులూ అక్కడే ఉండాలని ముందే అనుకున్నాం. రిబ్బన్ల కోపం అప్పటికి కొంచెం తగ్గింది. అల్తా సీసా కూడా కొన్నాం, నా దగ్గరే ఉంచమన్నారు. కంప్యూటర్ క్లాసు ఆఖరి రోజున మలుపు దగ్గర విడిపోతూ "రజొకి వస్తాం, నిన్ను తీసుకెళ్తాం" అన్నారు. నేను సరేనన్నాను. అప్పటికే నాన్న విశాఖలో హాస్టలు కాలేజీలో డబ్బు కట్టేశారు, రజొకి వారం ముందే చేరాలి. ఆ సంగతి నాకు నాలుగు రోజుల ముందే తెలుసు.

తెలిసీ చెప్పలేదు. ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. చెప్తే ఏడుస్తానని భయం ఒకటి. మీకు మీరు ఉన్నారుగా, నేను లేకపోతే ఏం అన్న కోపం ఒకటి, అది కూడా నిజమే, దాచను. అన్నిటికంటే ముఖ్యంగా, వెళ్ళేముందు వాళ్ళకి చెప్పాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాన్న నన్ను మేనత్తలందరి ఇళ్ళకీ తిప్పి దీవెనలు ఇప్పించారు. ట్యూషన్ మాస్టారి దగ్గరికి పళ్ళు పట్టుకెళ్ళాం. చెప్పి వెళ్ళాల్సిన వాళ్ళ లెక్కలో నా మకరలు లేరు. ఆ రోజుల్లో మా ఊరికి రైలు కూడా లేదు, 1900 నుంచి నడిచిన నౌపడా చిన్న రైలుని 2004లో ఆపేశారు, పెద్ద లైను మీద మళ్ళీ బండి వచ్చింది 2011లో. తెల్లవారుజామున బస్సెక్కాను. అల్తా సీసా నా పెట్టెలో బట్టల మధ్యే ఉండిపోయింది.

హాస్టల్లో ఆదివారం ఒక్కసారే ఫోను, అయిదు నిమిషాలు. అమ్మ చెప్పింది. పహిలి రజొ నాడు పొద్దున్నే వాళ్ళిద్దరూ ఒకే రంగు పరికిణీల్లో మా గేటు దగ్గరికి వచ్చారట. రజొకి చేసే పిండివంట పొడొ పీఠా అరిటాకులో తెచ్చారట. నేను వైజాగ్ వెళ్ళిపోయానని అమ్మ చెప్తే "ఓ" అన్నారట. లోపలికి రమ్మంటే రాలేదట. ఆకు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయారట. "పిల్లలు పాపం బాగానే చేశారు గానీ అంచులు కొంచెం మాడ్చేశారే" అంది అమ్మ. పొడొ అంటేనే కాలినది, ఆ పీఠా అంచులు నల్లగా కాలితేనే రుచి, రాత్రంతా నిప్పుల మీద ఉంచుతారు. అది అమ్మకి చెప్పేలోపు వెనకాల అమ్మాయి "టైమైపోయింది" అంది.

దసరా సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరినీ కలిశాను. కోపంగా ఏం లేరు. కోపంగా ఉంటే బాగుండేది. కుర్చీ వేశారు.

వీధి చివరి మకరకి డిగ్రీ మొదటేడులోనే పెళ్ళి చేశారు, టెక్కలి వైపు. సంక్రాంతికి ఫోను చేసుకుంటాం, మంచిగానే మాట్లాడుకుంటాం. ఒడియా మకరని మళ్ళీ చూసింది 2019లో, బరంపురంలో. మా ఆడపడుచు పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి వెళ్ళాం. ఫొడా కుంభ అంచు చీర ఒకటి భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే వెనకాల ఆమె కనపడింది. ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం. పక్కన వాళ్ళ పాప. పది నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నాం. ఆమె తెలుగు ఇప్పుడు తప్పుల్లేకుండా ఉంది, "మా అమ్మ వచ్చింది" అంటోంది. ఎవరో తెలుగువాళ్ళు ఆమెకి బాగా దగ్గరయ్యారన్నమాట, ఓపిగ్గా దిద్దారన్నమాట. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని "ఎప్పుడైనా ఇంటికి రా" అంది, నా పేరు పెట్టి పిలిచి.

పేరు పెట్టి. ఎనిమిదో తరగతి తర్వాత ఆమె నోట నా పేరు వినడం అదే మొదటిసారి. నేనూ ఆమెని ఏమీ పిలవలేదు, మకర అనే ధైర్యం రాలేదు, పేరుతో పిలవడానికి నోరు రాలేదు. ఆ చీర కొనలేదు నేను.

ఇది చదివి "మీరు బాగా చదువుకున్నారు కదా, మంచి ఉద్యోగం వచ్చింది కదా" అని ఎవరైనా అంటారు. వచ్చింది, నాన్న నన్ను పంపించడం తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. ఊళ్ళోనే ఉంచేసి ఉంటే ఇంకో వ్యాసం రాసేదాన్నేమో. నేను అడిగేది ఒక వారం. సీటు వచ్చిన పిల్లకి, వెళ్ళేముందు, తన స్నేహితులకి చెప్పుకుని ఏడ్చుకుని పోట్లాడుకుని వెళ్ళడానికి ఒక వారం. బంధువుల ఇళ్ళు తిప్పుతాం కదా, ఆ జాబితాలో ఆ పిల్లల్ని కూడా రాయండి, వీలైతే మొదట రాయండి. ఫోన్లున్నాయి కదా అంటారు. మా అక్క కూతురికి ఫోనుంది, ఆ ఫోనులోనే కదా దెబ్బ తగిలింది, పైగా హాస్టలు గేటు దగ్గర ఆ ఫోను తీసేసుకుంటారు. ఆడపిల్లలు రోడ్ల మీద నిలబడి కబుర్లేంటి, రోజులు బాగాలేవు అంటారు. ఆ భయం నాకూ ఉంది, నాకూ కూతురుంది. అలాంటప్పుడు మేడ ఇవ్వండి, హాలు ఇవ్వండి, తలుపు దగ్గరకి వేసి మీరు టీవీ ముందు కూర్చోండి. రోడ్డూ వద్దు, ఇల్లూ వద్దు, ఫోనూ వద్దు అంటే వాళ్ళు ఎక్కడ మాట్లాడుకోవాలి?

కాలేజీ వాళ్ళు జూన్ మొదటి వారంలోనే రమ్మన్నారు. రజొ అయ్యాక పంపిద్దామని నేను అంటే బావ మొదట ఒప్పుకోలేదు. "పది రోజుల క్లాసులు పోతాయమ్మా, మళ్ళీ అందుకోలేదు" అన్నారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. ఆ పది రోజుల పాఠాలు నేను కూర్చోబెట్టి చదివిస్తానని మాటిచ్చాక, రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు. అసలు పేచీ పిల్లతో వచ్చింది. "వాళ్ళే నన్ను వదిలేశారు, నేనెందుకు ఫోను చెయ్యాలి" అని భీష్మించింది. నేను బతిమాలలేదు. 2008 కథ, గేటు, అరిటాకు, ఇక్కడ రాసినదంతా దానికి చెప్పాను. అంతా విని "నువ్వు చెప్పి ఉండాల్సింది పిన్నీ" అంది. అవునన్నాను. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఒకమ్మాయికి ఫోను చేసి, "ఆ ఫోటో నేను చూశాను" అన్న మాటతోనే మొదలుపెట్టింది.

పహిలి రజొ నాడు నలుగురూ మా మేడ మీదకి చేరారు. ఉయ్యాల లేదు, మా ఇంట్లో చెట్టు లేదు. మంచినీళ్ళ సీసా పట్టుకుని మెట్లెక్కుతుంటే పైన ఎవరో ఏడుస్తున్నారు, ఇంకెవరో గట్టిగా "అలా కాదు, ముందు నా మాట విను" అంటున్నారు, ఒడియాలో. సీసా మెట్టు మీద పెట్టేసి కిందకి దిగిపోయాను. చీకటి పడ్డాక దిగారు. కళ్ళు వాచి ఉన్నాయి, ఆకలి అన్నారు, నలుగురికీ అమ్మ అట్లు వేసింది.

వెళ్ళే రోజు విశాఖ బండికి నేనూ పిల్లా బయల్దేరాం. స్టేషనుకి ముగ్గురిలో ఇద్దరే వచ్చారు. పొడొ పీఠా డబ్బాలో పెట్టి తెచ్చారు. కిటికీ దగ్గర వాళ్ళతో మాట్లాడుతూనే పిల్ల గేటు వైపు చూస్తోంది. మూడో అమ్మాయి రాలేదు. మేడ మీద ఏమనుకున్నారో, రానిది ఎందుకో, నేను అడగలేదు, తను చెప్పలేదు. పాతపట్నం స్టేషను దాటాక డబ్బా మూత తీసి, నల్లగా కాలిన అంచు ముక్క ఏరి నాకు పెట్టి, రెండోది తను తీసుకుంది.